తుపాను గుర్తు

వార్తాపత్రికలలో అప్పుడప్పుడు ఒక చిన్న వార్త కనబడుచుండును. బంగాళాఖాతములో వాయుగుండము ఏర్పడినదనియు, కాకినాడ రేవులో మూడవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసిరనియు రెండు పంక్తులలో వ్రాసియుందురు. సముద్రమునకు దూరముగా నివసించువారు దానిని చూచి పుట త్రిప్పివేయుదురు. నేను మాత్రము త్రిప్పలేను. గోదావరి సముద్రమున కలియు తావునకు సమీపమైన పల్లెలో పుట్టి పెరిగినవాడను. ధాన్యము అటుక మీదికి ఎక్కించుటయో, పశువుల పలుపులు విప్పి వదలుటయో మా ఇంట ఆ అంకెను విన్న తరువాతనే నిశ్చయించెడివారు. పెద్దవాడనైన పిమ్మట ఆ అంకె ఎక్కడినుండి వచ్చినది, తుపాను రాకను ముందుగా తెలిసికొను విద్యను ఎవరు నేర్చిరి అను కుతూహలము నాకు కలిగెను. దొరికిన పుస్తకములు చదివితిని. చదువగా తెలిసినది ఒక్కటే. ఆ విద్యకు గురువులు మునిగిపోయిన ఓడలు.

మన తూర్పు తీరము కన్నులకు ఎంత ఇంపైనదో ఓడలకు అంత కఠినమైనది. పడమటి తీరమున బొంబాయివంటి సహజమైన రేవులు కలవు. తూర్పు తీరము చాలవరకు తిన్నని ఇసుకగట్టు. ఓడ దాగుకొనుటకు కొండ చాటుగాని, లోతైన అఖాతముగాని అరుదు. విశాఖపట్టణమునకు కొండ అండ ఉన్నను, అచ్చట లోపలి రేవు 1933లోగాని తెరువబడలేదు. మద్రాసు, పుదుచ్చేరి, మచిలీపట్టణము గొప్ప వర్తక స్థానములే అయినను, పూర్వకాలమున అచ్చట నిజమైన రేవు అనదగినది లేదు. ఓడలు తీరమునకు దూరముగా బయలు సముద్రములో లంగరు దించి నిలిచెడివి. సరకులను, ప్రయాణికులను మసూలా పడవల మీద ఒడ్డునకు చేర్చెడివారు. ఆ పడవలకు ఇనుపమేకు ఒక్కటియు ఉండదు. పలకలను కొబ్బరినార త్రాళ్లతో కుట్టుదురు. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకు పగిలిపోవును; కుట్టిన పడవ ఆ దెబ్బకు కొంచెము వంగి మరల లేచును. మన తీరపు పల్లెకారులు సముద్రముతో పోరాడక, దానికి లొంగినట్లే లొంగి గెలుచు ఉపాయమును కనిపెట్టిరి.

పెద్ద ఓడలకు ఆ ఉపాయము లేదు. ఆశ్వయుజ కార్తిక మాసములలో ఇచ్చట గాలి సముద్రమునుండి ఒడ్డువైపు వీచును. అప్పుడు తుపాను పుట్టెనా, లంగరు వేసియున్న తెరచాప ఓడను అది నేలవైపు త్రోయును. లంగరు మోకు తెగినచో ఓడ ఇసుకతిన్నెల మీదికి కొట్టుకొనివచ్చి ముక్కలగును. కావున అనుభవజ్ఞుడైన కెప్టెను గాలి ముదురకమునుపే మోకును తానే నరికించి, తెరచాపలు విప్పి, నడిసముద్రమునకు పోవును. నేలమీద బ్రతుకు మనకు ఇది వింతగా తోచును. తుపాను వచ్చునప్పుడు మనము ఇల్లు చేరగోరుదుము. నావికుడు ఒడ్డును వీడి దూరముగా పోగోరును. అతనికి ఆ సమయమున ఒడ్డే శత్రువు.

కాని మోకును ఎప్పుడు నరుకవలెను? లంగరు విలువైన వస్తువు. తుపాను రాకపోయినచో దానిని వృథాగా పోగొట్టినట్లగును. ఇంకొక గడియ చూతము, తెల్లవారనిత్తము అని మనస్సు చెప్పుచుండును. ఆ కాలమున గాలిని గూర్చి ముందుగా చెప్పువారు ఎవరును లేరు. ఇంకొక గడియ చూతమనిన మాటకే వేలకొలది నావికులు బలియైరి.

1746 సెప్టెంబరులో లా బూర్దనే అను ఫ్రెంచి నౌకాసేనాని మద్రాసును పట్టుకొనెను. అతనిని ఎదిరింపగల శత్రునౌక దరిదాపులలో లేదు. అక్టోబరులో ఒక రాత్రి వచ్చిన తుపాను శత్రువులు చేయలేని పనిని చేసెను. అతని ఓడలలో కొన్ని మునిగెను, కొన్ని కొయ్యస్తంభములు విరిగి మోడులై నిలిచెను. వెయ్యిమందికి పైగా జనులు నీటిపాలైరి. గెలిచిన సేనాని ఆ తీరమును విడిచిపోవలసివచ్చెను. మూడేండ్లకు, 1749 ఏప్రిల్‌లో, కడలూరు సమీపమున ఇంగ్లీషువారి వంతు వచ్చెను. ‘నామూర్’ అను పెద్ద యుద్ధనౌక 500 మందికి పైగా నావికులతో మునిగిపోయెను. ఆ నౌకాదళమునకు అధిపతియైన అడ్మిరల్ బోస్కావెన్ ఆ దినమున ఒడ్డున ఉండుటచే బ్రతికెను. రెండు జాతులవారు ఈ తీరముకొరకు ఒకరితోనొకరు పోరాడుచుండగా, తుపాను ఇరువురిని ఒకే తీరున చూచెను.

వీనికంటె నన్ను ఎక్కువగా కలతపెట్టిన కథ 1761వ సంవత్సరపు మొదటి దినమునకు సంబంధించినది. ఇంగ్లీషువారు పుదుచ్చేరిని ముట్టడించియుండిరి. వారి ఓడలు కోట ఎదుట సముద్రములో లంగరు వేసియుండెను. రాత్రివేళ గాలి హెచ్చసాగెను. ‘నార్‌ఫక్’ అను నౌకలోనున్న అడ్మిరల్ స్టీవెన్స్ అపాయమును గ్రహించి, మోకును నరికించి, సముద్రములోనికి సాగెను. తక్కిన ఓడలును అట్లే చేయవలెనని తెలుపుటకు ఫిరంగులు ప్రేల్పించెను. కాని అప్పటికే గాలి హోరు మిన్నుముట్టెను. ఫిరంగి మ్రోత ఎవరికిని వినబడలేదు. చీకటిలో గుర్తులును కనబడలేదు. అడ్మిరల్ ఆజ్ఞ లేనిదే కదలరాదను క్రమశిక్షణతో కెప్టెనులు లంగరు మీదనే నిలిచిరి. తెల్లవారునప్పటికి మూడు ఓడలు మునిగిపోయెను. వానిలో సుమారు 1,100 మంది మరణించిరి. బయటపడినవారు 14 మంది మాత్రమే. మరి మూడు ఓడలు ఒడ్డునకు కొట్టుకొనివచ్చి పగిలెనుగాని, వానిలోని జనులు చాలమంది బ్రతికిరి.

ఈ కథను చదివినప్పుడెల్ల ఆ వినబడని ఫిరంగి నా మనస్సులో మెదలుచుండును. అపాయమును గ్రహించినవాడు ఒకడు అచ్చటనే ఉండెను. తాను గ్రహించినదానిని చెప్పవలెననియు యత్నించెను. చెప్పినది చేరలేదు. తెలిసినదానికిని, అది తెలియవలసినవారికిని నడుమ ఆ రాత్రి కొన్ని వందల గజముల గాలి అడ్డుపడెను.

ఓడలకు పట్టిన గతి ఊళ్లకు పట్టదను నమ్మకమైనను మన తీరమున నిలువలేదు. గోదావరి పాయ ఒకటి సముద్రమున కలియు చోట కోరంగి అను ఊరు కలదు. ఒకప్పుడు అది ఓడలు కట్టుటకును, బాగుచేయుటకును ప్రసిద్ధికెక్కిన రేవు. అచ్చటినుండి తెలుగువారు ఓడలెక్కి బర్మాకు పోయెడివారు. అందుచేతనే బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు వచ్చెను. 1789 డిసెంబరులో ఆ ఊరిమీదికి మూడు మహాతరంగములు ఒకదాని వెనుక ఒకటి వచ్చెను. మొదటిది ఊరిలోనికి నీటిని తెచ్చెను. రెండవది చుట్టునున్న పల్లపు నేలలను ముంచెను. మూడవది సర్వమును తుడిచివేసెను. సుమారు 20,000 మంది ప్రాణములు కోల్పోయిరని నాటివారు వ్రాసిరి. ఏటి మొగలో లంగరు వేసియున్న ఓడలు యానాము చుట్టునున్న మైదానములలోనికి కొట్టుకొనిపోయెను. ఈ దెబ్బనుండి తేరుకొన్న ఊరు మరల 1839లో పెనుతుపానునకు చిక్కెను.

ఇప్పటి కోరంగిని నేను చూచితిని. పడవమీద పోవుచుండగా ఇరుప్రక్కల మడ అడవులు దట్టముగా కనబడును. వాని వేళ్లు బురదలోనుండి పైకి పొడుచుకొనివచ్చి, నేలను పట్టి నిలుపుచున్నవి. కొంగలు, నీటిపిల్లులు తప్ప వేరు సందడి లేదు. ఓడలు కట్టినచోటు ఏది అని అడిగితిని. పడవవాడు చేయి చాపి, “అదిగో, అటువైపంతా” అనెను. అటువైపంతయు ఒండ్రుమట్టియు, ఆకుపచ్చని చెట్లును. మా నాయనమ్మ ‘ఉప్పెన’ అను మాటను ఎన్నడును బిగ్గరగా పలికెడిది కాదు. దాని కారణము నాకు అచ్చట బోధపడెను. తరతరములుగా నోటినుండి నోటికి వచ్చిన భయము ఆ మాటలో దాగియున్నది.

భయము ఒక్కటే మిగిలియుండినచో ఈ వ్యాసము వ్రాయవలసిన పని లేదు. ఆ నష్టములనుండి విద్యను పిండిన మనుష్యుడొకడు కలడు. అతని పేరు హెన్రీ పిడింగ్టన్. మొదట వర్తకపు ఓడలకు కెప్టెనుగా నుండి, పిమ్మట కలకత్తాలో స్థిరపడెను. తుపానులలో గాలి చక్రమువలె తిరుగునని అమెరికాలో రెడ్‌ఫీల్డు, స్కాట్లండువాడైన రీడ్ అంతకుముందే వ్రాసియుండిరి. ఆ మాట బంగాళాఖాతమునందు ఎంతవరకు నిజమో తేల్చవలెనని పిడింగ్టన్ పూనుకొనెను. దానికి అతనికున్న సాధనము ఓడల దినచర్య పుస్తకములు.

ప్రతి ఓడలోను ఒక పుస్తకముండును. గాలి ఏ దిక్కునుండి వీచుచున్నది, భారమితిలో పాదరసము ఎంత దిగినది, ఓడ ఎచ్చట నున్నది అను విషయములను వేళ తప్పక దానిలో వ్రాయవలెను. తుపాను చెలరేగినప్పుడైనను ఆ వ్రాత మానరాదు. దీపము రెపరెపలాడుచుండగా, నేల పాదముల క్రింద ఒరగుచుండగా, రేపు చూతుమో చూడమో తెలియని స్థితిలో, గాలి ఈశాన్యమునుండి తూర్పునకు తిరిగినదని ఒక నావికుడు వ్రాసియుండును. ఆ పంక్తి ఎవరికి పనికివచ్చునో అతనికి తెలియదు. 1839 మొదలుకొని అనేక సంవత్సరములు పిడింగ్టన్ అట్టి పుస్తకములను సేకరించి, ఒక తుపానులో చిక్కిన పెక్కు ఓడల వ్రాతలను ఒకే పటముమీద గుర్తించెను. ఒకే గడియలో ఒక ఓడకు గాలి ఉత్తరమునుండి, మరియొక ఓడకు దక్షిణమునుండి, ఇంకొకదానికి తూర్పునుండి వీచియుండెను. గుర్తులన్నియు కలుపగా చక్రము తేలెను. ఒక్కొక్క నావికునికి కనబడినది ఆ చక్రములో చిన్న తునక మాత్రమే. అందరి తునకలు చేరినప్పుడు తుపాను రూపము బయలుపడెను.

1848లో అచ్చయిన తన పుస్తకములో పిడింగ్టన్ ఆ గాలికి ‘సైక్లోన్’ అను పేరు పెట్టెను. చుట్ట చుట్టుకొన్న పామును సూచించు గ్రీకు మాటనుండి అతడు దానిని కల్పించెను. నేడు ప్రపంచమంతయు వాడు ఆ మాట మన బంగాళాఖాతపు తుపానుల మూలమున పుట్టినది. నావికులు పటముమీద పరచి చూచుకొనుటకు, గాలి దిక్కులు గుర్తించిన చక్రములుగల పారదర్శకమైన కొమ్ము పలకలను గూడ అతడు ఆ పుస్తకముతో చేర్చెను. మన అర్ధగోళమున తుపాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుదిశగా తిరుగును. కావున గాలికి ఎదురుగా ముఖము పెట్టి నిలిచినచో, తుపాను కేంద్రము కుడిచేతివైపున, కొంచెము వెనుకగా నుండును. ఇంతటి చిన్న సూత్రము ఎన్ని ఓడలను కాపాడెనో ఊహింపుడు. ఎటు పారిపోవలెనో తెలియక మునిగినవారి వ్రాతలు, ఎటు పోవలెనో తరువాతివారికి చూపెను.

అయినను విద్య పుట్టినంతనే లోకము దానిని స్వీకరించునని తలచరాదు. కలకత్తాకు తోడుగా మాట్లా నది యొడ్డున క్రొత్త రేవుపట్టణము కట్టవలెనని దొరతనమువారు తలపెట్టిరి. ఆ చోట తుపాను ఉప్పెన వచ్చి పట్టణమును ముంచివేయగలదని పిడింగ్టన్ 1853లో గవర్నరు జనరలునకు విన్నవించెను. అతని మాట చెల్లలేదు. 1858లో అతడు కాలధర్మము చెందెను. పట్టణము లేచెను, దానికి కానింగ్ రేవని పేరు పెట్టిరి. 1867 నవంబరు 1వ తేదీన వచ్చిన తుపాను, ఉప్పెనలు దానిని పాడుచేసెను. పుదుచ్చేరి ఎదుట ఫిరంగి వినబడకపోవుటకు గాలి కారణము. ఇచ్చట గాలి లేదు. నిర్మలమైన పగటివేళ చెప్పిన మాటయే వినబడలేదు.

కనులు తెరిపించుటకు 1864వ సంవత్సరము రావలసివచ్చెను. ఆ ఏడు అక్టోబరు 5వ తేదీన కలకత్తా ప్రాంతమున తుపాను విరుచుకుపడి సుమారు 60,000 మందిని పొట్టనబెట్టుకొనెను. హుగ్లీ నదిలోని ఓడలలో పెక్కు త్రాళ్లు తెంపుకొని, ఒకదానినొకటి ఢీకొని పాడయ్యెను. నెల తిరుగకమునుపే, నవంబరు 1వ తేదీన, మన బందరుమీద మరియొకటి పడెను. సముద్రము కొన్నిచోట్ల 17 మైళ్ల దూరము లోపలికి వచ్చెను. సుమారు 30,000 మంది మరణించిరి. ఆ మరుసటి ఏడు, అనగా 1865లో, కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికలు పంపు ఏర్పాటు మొదలయ్యెను. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపింపబడెను. బ్లాన్‌ఫర్డు అను శాస్త్రజ్ఞుడు దానికి మొదటి అధికారి.

రేవులలో నేడు మనము చూచు గుర్తులు ఆ ఏర్పాటునుండి పెరిగినవే. వాని అర్థము తీరవాసి యగు ప్రతి విద్యార్థియు తెలిసికొనదగినది. మొత్తము గుర్తులు 11. పగలు శంకువు, పీపా ఆకారములుగల గుర్తులను స్తంభమున కట్టుదురు. రాత్రి ఎఱ్ఱని, తెల్లని దీపములు వ్రేలాడదీయుదురు. 1, 2 గుర్తులు దూరపు సముద్రములో చెడుగాలి లేదా తుపాను ఉన్నదని తెలుపును. 3, 4 గుర్తులు ఆ రేవుననే జాగ్రత్త పడవలెనని చెప్పును. 5, 6, 7 అపాయమును, 8, 9, 10 మహాపాయమును సూచించును. 5, 8 గుర్తులు తుపాను రేవును తన ఎడమప్రక్కన విడిచి పోవుననియు, 6, 9 గుర్తులు కుడిప్రక్కన విడిచి పోవుననియు, 7, 10 గుర్తులు రేవుమీదుగానో, దాని చేరువగానో పోవుననియు తెలుపును. కుడి ఎడమల యీ భేదమును చూచినప్పుడు పిడింగ్టన్ కొమ్ము పలకలు నాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

ఇక 11వ గుర్తు. చాలమంది దానిని అన్నిటికంటె పెద్ద తుపానునకు గుర్తని తలచుదురు. అది అట్లు కాదు. హెచ్చరిక కేంద్రముతో వార్తలు తెగిపోయినవనియు, వాతావరణము చెడునట్లున్నదనియు దాని అర్థము. తెలియజేయువారి మాట మనకు చేరుటలేదు అను విషయమునే ఒక అపాయముగా లెక్కించి, దానికి గుర్తు నేర్పరచిన పెద్దల వివేకమునకు నేను నమస్కరించుచున్నాను. స్టీవెన్సు ఫిరంగి వినబడని ఆ రాత్రికి ఈ గుర్తు చక్కగా సరిపోవును.

రేవులో గుర్తు ఎగురవేసినంత మాత్రమున పల్లెలో మనుష్యుడు బ్రతుకడు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు 10,000 మందికి పైగా మరణించిరి. తుపాను వచ్చుచున్నదని ముందుగా తెలియకపోలేదు. నీరు అంత ఎత్తున పల్లెల మీదికి వచ్చునను తెలివిడి చివరి గుడిసె వరకు చేరి, అచ్చటి జనమును మెరకకు తరలించు ఏర్పాటు నాడు లేదు. పిమ్మట తీరమున తుపాను ఆశ్రయ భవనములు కట్టిరి. రాడార్లు, ఉపగ్రహములు వచ్చెను. 2014 అక్టోబరు 12వ తేదీన ‘హుద్‌హుద్’ తుపాను నేరుగా విశాఖపట్టణముపై పడినప్పుడు ఇండ్లు, చెట్లు లెక్కకు మిక్కిలిగా కూలెను. కాని ముందుగానే జనులను తరలించుటచే, వేలలో పోవలసిన ప్రాణములు పదులలో ఆగెను.

ఓడలకు లంగరు బాధ మాత్రము నేటికిని తీరలేదు. 2020 అక్టోబరులో వాయుగుండము తీవ్రమైనప్పుడు, విశాఖ వద్ద లంగరు వేసియున్న ‘మా’ అను బంగ్లాదేశపు సరకుల ఓడ గాలికి నిలువలేక తెన్నేటి పార్కు చెంత ఒడ్డునకు వచ్చి పడెను. నావికులందరును క్షేమముగా బయటపడిరి. జనులు తీర్థమునకు పోయినట్లు పోయి దానిని చూచిరి. నేనును పోయి చూచితిని. ఇనుముతో కట్టి, యంత్రముతో నడచు అంత పెద్ద ఓడ రాళ్లమీద ఒరగియుండుట చూడగా, తెరచాప ఓడల కాలమునకును మనకును దూరము తక్కువయేనని తోచెను. గాలి బలము అదే, తీరమును అదే. నాడు ఒక రాత్రిలో వేయిన్ని నూరుమంది పోయిరి. నేడు అందరును బ్రతికిరి. మారినది మనుష్యుని తెలివిడి ఒక్కటే.

ఆ తెలివిడి ఏ ఒక్కని సొత్తును కాదు. ఊగులాడు గదిలో గాలి దిక్కును వ్రాసిపెట్టిన పేరు తెలియని నావికుడు, ఆ వ్రాతలను ఏరి కూర్చిన పండితుడు, నేడు ఉపగ్రహ చిత్రములను పరిశీలించు ఉద్యోగి, వానలో తడియుచు పల్లెపల్లెకు పోయి దండోరా వేయు మనుష్యుడు, వీరందరు ఒకరి చేతినుండి మరియొకరు అందుకొని దానిని మన గడపదాక తెచ్చిరి. గడప దాటించి లోనికి తెచ్చుకొనుట మన పని. వేటకు పోవలదని చెప్పిన దినమున వలను ఒడ్డున ఆరవేయు పల్లెకారునికి ఆ పూట కూలి పోవును. పిల్లలకు కూడు తక్కువగును. అతడు చేయు త్యాగము చిన్నది కాదు. అట్టి దినములలో అతని ఇంటికి బియ్యము చేరునట్లు చూచుటయు హెచ్చరికలో భాగమేనని నా అభిప్రాయము. ఆకలితోనున్నవానికి ఎంత బిగ్గరగా చెప్పినను ఆ ఫిరంగి వినబడదు.